8 ఏండ్ల సర్వీసు, 47 శాతం మెమో

ప్రశ్న: సార్, మాది దేవరకొండ అవతల ఒక తండా. ఎస్టీ లంబాడ. వయసు 36. ఇంటర్ బైపీసీ 2006ల 47 శాతంతోని పాసైన. పెండ్లయినంక ఓపెన్ యూనివర్సిటీల బీఏ చేసిన, 52 శాతం వచ్చింది. 2012 నుంచి 2020 మార్చి దాకా మా తండా ప్రైమరీ బడిల విద్యా వాలంటీర్‌గ చెప్పిన. కరోనా తర్వాత మమ్మల్ని మళ్లీ పిలువలే. ఇప్పుడు ప్రైవేటు స్కూల్ల చిన్న క్లాసులు చెప్తున్న, నెలకు 8 వేలు. 2017ల నేషనల్ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) డీఎల్‌ఈడీకి ఫీజు కట్టి కొన్ని పేపర్లు పాసైన, బాబు పుట్టిండని విడిచిపెట్టిన. డీఎడ్ చెయ్యాల్నా, బీఎడ్ చెయ్యాల్నా? నా 8 ఏండ్ల సర్వీసు ఎక్కడన్న లెక్కల పడుతదా? ఒకాయన వేరే రాష్ట్రం కాలేజీల బీఎడ్ ఇప్పిస్త, కాలేజీకి పోయే పనే లేదు అంటుండు. 10 వేలు అడ్వాన్స్ ఇచ్చిన. మెమోలు కూడ ఆయన దగ్గరనే ఉన్నయి.

జవాబు:

అమ్మా, మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మెమోలు ఆయన దగ్గర ఉన్నాయన్నారు. రేపు పొద్దున బడికి సెలవు పెట్టి పోయి తెచ్చుకోండి. ఒంటరిగా పోకండి, ఇంట్లోవాళ్లనో, తండాలో నలుగురూ మాట వినే మనిషినో వెంట తీసుకుపోండి. 10 వేలు వాపసు వస్తే మంచిదే. రాకపోయినా ముందు మెమోలు చేతికి రావాలి. ఒరిజినల్స్ పెట్టుకుని మిగతా డబ్బు కోసం నెలల తరబడి తిప్పేవాళ్లను చాలామందిని చూశాను. ఆయన ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌లో కాయితం పెట్టడానికి వెనుకాడకండి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు మీవి, తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

ఆ బీఎడ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. రెగ్యులర్ బీఎడ్ అయినా, డీఎల్‌ఈడీ (మీరు డీఎడ్ అంటున్నది ఇదే) అయినా టీచర్ల శిక్షణను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సు. ఏడాదికి 200 పనిదినాలు. క్లాసులకు 80 శాతం హాజరు ఉండాలి, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. 'పోయే పనే లేదు' అన్నాడంటే అక్కడి హాజరు పట్టీలో మీ సంతకం ఇంకెవరో పెడతారన్నమాట. మీరేమో అదే రెండేళ్లు దేవరకొండ బడిలో పాఠాలు చెబుతూ, ఇక్కడి రిజిస్టర్‌లో సంతకం పెడుతూ ఉంటారు. రేపు సర్కారు టీచరు కొలువుల డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనలో బీఎడ్ మెమో ఒక చేత్తో, అనుభవ ధ్రువపత్రం ఇంకో చేత్తో ఇస్తే, ఒకే తేదీన రెండు రాష్ట్రాల్లో ఉన్నట్టు మీ కాయితాలే సాక్ష్యం చెబుతాయి. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అన్నట్టు అవుతుంది.

అది దూరవిద్య బీఎడ్ అంటాడేమో. ఆ తలుపు మీకు ఇప్పటికి తెరుచుకోదు. దూరవిద్యలో బీఎడ్ చేయాలంటే ముందే శిక్షణ పొందిన టీచరై ఉండాలి, లేదా ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కోర్సు ఒకటి కాలేజీకి పోయి పూర్తిచేసి ఉండాలి. మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనూ అంతే, ఇగ్నోలోనూ అంతే. డిగ్రీ ఉంటే చాలు, దూరవిద్య బీఎడ్ ఇస్తామన్నారంటే ఆ మాటతోనే వాళ్లు దొరికిపోయినట్టు.

ఇక మీ మనసును తొలుస్తున్న ప్రశ్న: 8 ఏండ్ల సర్వీసు.

చేదుగా ఉంటుంది గానీ చెప్పక తప్పదు. శిక్షణ కోర్సులో ప్రవేశానికి ఆ 8 ఏండ్లకు ఒక్క మార్కు కూడా రాదు. డీఎల్‌ఈడీ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ అయినా, బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ అయినా మీ చదువు మెమోలో శాతం చూస్తాయి, పరీక్షలో ర్యాంకు చూస్తాయి. ఎన్నేళ్లు పాఠం చెప్పారన్న గడి దరఖాస్తులోనే లేదు. రేపు డీఎస్సీలోనూ ఇదే కథ. 2024 డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 టీచరు అర్హత పరీక్ష టెట్‌కు. మొత్తం వంద అక్కడికే సరిపోయింది, వాలంటీర్ సర్వీసుకు జాగా ఎక్కడుంది?

2023లో కాంట్రాక్టు లెక్చరర్లను రెగ్యులర్ చేశారు కదా, మమ్మల్నీ చేస్తారని మీతోటి వాలంటీర్లు కొందరు ఎదురుచూస్తున్నట్టు విన్నాను. వాళ్లది మంజూరైన పోస్టుల్లో కాంట్రాక్టు. మీది బడి తెరిచిన నెలలకు గౌరవ వేతనం. మా తరంలో నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టారు. వాళ్లకు ఆ అంకెనే పేరుగా మిగిలిపోయింది, ఇప్పటికీ '398 టీచర్లు' అంటేనే గుర్తుపడతారు. అప్పుడు 398, మీ కాలానికి పెరిగి పెరిగి 12 వేలు. సర్కారుకు తక్కువ ఖర్చులో టీచరు కావాల్సినప్పుడల్లా ఒక కొత్త పేరు పుడుతుంది. ఆ పేరును నమ్ముకుని కూర్చోవద్దని చెప్పడానికే ఇదంతా.

నిజానికి మీ సర్వీసును లెక్కలోకి తీసుకున్న దారి ఒకటి ఉండేది. మీరు దాంట్లోకి అడుగుపెట్టి సగంలో వెనక్కి వచ్చారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. శిక్షణ లేని టీచర్లు గడువులోగా అర్హత తెచ్చుకోవాలంది. గడువు దాటినా లక్షలమంది మిగిలిపోయారు. అందుకే 2017లో చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 వరకు ఆఖరి అవకాశమిచ్చారు. ఎన్‌ఐఓఎస్ 18 నెలల డీఎల్‌ఈడీ పెట్టింది అందుకే. అది కొత్తగా టీచరు కావాలనుకునేవాళ్ల కోసం పెట్టింది కాదు, అప్పటికే కొలువులో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. ఆ డిప్లొమా చెల్లుతుందా లేదా అని తర్వాత కోర్టుల్లో చాలా గొడవ నడిచింది. 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు అది రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదంది. 2024 డిసెంబర్‌లో వివరణ ఇస్తూ, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1కి ముందే పూర్తిచేసినవాళ్ల వరకు చెల్లుతుందని చెప్పింది. మీకు మొదటి షరతు ఉంది, రెండోది లేదు. పాసైన ఆ కొన్ని పేపర్లు ఇప్పుడు ఎక్కడా కలవవు. మిగిలిన పేపర్లు రాయిస్తామని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి.

బాబు పుట్టాడని విడిచిపెట్టానని రాస్తూ మీరు పడ్డ బాధ ఆ ఉత్తరంలో కనబడుతూనే ఉంది. పసిబిడ్డను వదిలి పరీక్షకు పోనందుకు తల్లి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదమ్మా. ఆ పేజీ తిప్పెయ్యండి.

ఇప్పుడు డీఎడ్డా, బీఎడ్డా.

నేను ఏళ్లపాటు డైట్‌లో, అంటే సర్కారు డీఎడ్ కాలేజీలో, పాఠాలు చెప్పినవాణ్ని, కాబట్టి డీఎడ్ వైపు మొగ్గుతాడని మీరనుకోవచ్చు. కొంత నిజమే. అందుకే నా మొగ్గు పక్కన పెట్టి మీ కాయితాలు పట్టుకుని చూద్దాం.

బీఎడ్ మీకు సులువుగా దొరుకుతుంది. ఎడ్‌సెట్‌కు డిగ్రీలో 50 శాతం కావాలి, రిజర్వుడు కులాలవాళ్లకు 40 చాలు. మీకు 52 ఉంది. 150 మార్కుల సెట్‌లో అర్హతకు 25 శాతం రావాలంటారు, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు నిబంధన కూడా లేదు. సీటు రావడం పెద్ద పని కాదు. ఆ 'ఒకాయన' లాంటివాళ్లంతా బీఎడ్‌నే అమ్మడానికి ఇదే కారణం.

కానీ బీఎడ్ చేసి మీరు ఎక్కడికి పోతారు? బీఏతో బీఎడ్ అంటే సోషల్ స్కూల్ అసిస్టెంటు పోస్టు. హైస్కూలు పిల్లలు. ఆ పోస్టుల్లో 70 శాతం ప్రమోషన్‌తో నింపుతారు, బయటివాళ్లకు మిగిలేది 30 శాతమే. 2024 డీఎస్సీ 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు 2,629, అదీ అన్ని సబ్జెక్టులూ కలిపి. ప్రైమరీ బడి టీచర్లు, అంటే ఎస్జీటీలు, 6,508. పైగా బీఎడ్ ఉంటే ఎస్జీటీ కూడా రాయొచ్చు అన్నది పాత మాట. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ ఆ వెసులుబాటు ఇచ్చింది నిజమే, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పాలంటే డీఎల్‌ఈడీనే. మన ఊళ్లలో ఇంటికొక బీఎడ్ ఉంది, ఆ తీర్పుతో వాళ్లంతా ఒక్కరోజులో ఎస్జీటీ వరస నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ల మీద జాలి ఉంది నాకు. మీకు మాత్రం ఆ వరస కొంచెం పొట్టిదైంది.

డీఎల్‌ఈడీకి డీఈఈసెట్ రాయాలి. ఇక్కడ మీ డిగ్రీ 52 శాతాన్ని ఎవరూ అడగరు, ఇంటర్ మెమోనే చూస్తారు. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. మీది 47. గట్టెక్కారు. ఇదే 47 శాతంతో ఒక బీసీ అమ్మాయి రాస్తే నేను వేరే జవాబు ఇవ్వాల్సి వచ్చేది. గరిష్ఠ వయసు అడ్డం లేదు. 36 ఏళ్లకు పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలా అని సిగ్గుపడతారేమో, మొదటి వారమే అది. తర్వాత ఆ పిల్లలే మీ వెంట పడతారు, ఎందుకో కింద చెబుతాను.

ఇది చదివే మిగతా వాలంటీర్లకు ఒక మాట: ఇంటర్ వొకేషనల్‌లో చేసినవాళ్లకు డీఈఈసెట్ లేదు. వాళ్లు డిగ్రీ మీదుగా బీఎడ్‌కు పోవాల్సిందే.

డీఈఈసెట్‌లో అడిగేది ఎక్కువగా పదో తరగతి స్థాయి పాఠాలే. మీరు చిన్న క్లాసులే చెప్పారు కాబట్టి లెక్కలు, సైన్సు కాస్త తుప్పు పట్టి ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది సర్కారు పుస్తకాలు తెచ్చుకుని ఎండకాలం లోపల రెండుసార్లు తిరగెయ్యండి. కోచింగ్‌కు డబ్బు పెట్టొద్దు. ర్యాంకు మంచిగా రావాలి, ఎందుకంటే మీకు కావాల్సింది ఏదో ఒక సీటు కాదు, నల్లగొండ డైట్‌లో సీటు. సర్కారు డైట్‌లో ఫీజు తక్కువ, చెప్పేవాళ్లు ఉంటారు, హాజరు నిజంగా తీస్తారు. జిల్లా మూడు ముక్కలైనా డైట్ పాత జిల్లాకంతటికీ నల్లగొండలోనే ఉంది. పాలమూరు దిక్కున కూడా అంతే. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటవాళ్లు మహబూబ్‌నగర్ డైట్‌నే చూసుకోవాలి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు డీపీఎస్‌ఈ అని ఇంకో కోర్సు కనబడుతుంది. అది బడి ముందు పిల్లలకు చెప్పే చదువు, ఎస్జీటీకి పనికిరాదు. తొందరలో నెట్ సెంటరాయన ఏది నొక్కితే దానికి తలూపకండి.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. రెండేళ్లు మీ 8 వేలు ఆగిపోతాయి. ఉద్యోగం చేస్తూ చదువుతానంటే ఆ 80, 90 శాతాల దగ్గర దెబ్బతింటారు. ఇంటర్న్‌షిప్ రెండేళ్లూ కలిపి 20 వారాలు ఉంటుంది, అప్పుడైతే అసలు కుదరదు. ఇంట్లో కూర్చుని ఈ లెక్క ముందే వేసుకోండి. సాయంత్రాలు తండా పిల్లలకు ట్యూషన్ చెబితే కొంత వస్తుంది. దేవరకొండ నుంచి నల్లగొండకు అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది, పోను రాను రోజూ అలసటే. కానీ 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆ ఖర్చు తప్పింది. ఆధార్ కార్డు మాత్రం సంచిలో ఉంచుకోండి. ఇంటర్న్‌షిప్‌కు బడులు ఇచ్చేటప్పుడు దేవరకొండ దిక్కున ఏదన్నా ఉంటే ఇవ్వమని అడగండి, అడిగినందుకు ఎవరూ కోప్పడరు. బాబుకు ఇప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉంటాయి. మీ అత్తగారితోనో అమ్మతోనో సీటు వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టకముందే మాట్లాడండి.

పిల్లలు మీ వెంట పడతారని ఎందుకన్నానంటే, నా క్లాసులో ఒకసారి అట్లాంటి అమ్మాయే ఉండేది, తండా బడిలో ఆరేళ్లు వాలంటీర్‌గా చేసి వచ్చింది. మొదటి పాఠ్య ప్రణాళిక రాయమంటే పేజీన్నర రాసి ఆపేసింది. లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం అని గడులు గీసి నింపడం ఆమెకు రాలేదు. మార్కులు కోశాను. తర్వాత వారం ప్రాక్టీసు బడిలో రెండు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టారు. మిగతా ఛాత్రోపాధ్యాయులు బిత్తరపోయి గోడకు ఆనుకున్నారు. ఆ అమ్మాయి ఒక జట్టుకు చింతగింజలిచ్చి లెక్క పెట్టమని, ఇంకో జట్టుకు బోర్డు మీద పద్యం రాయించింది. ఒకటో తరగతిలో తెలుగు రాని లంబాడ పిల్లను గోర్ బోలిలో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నేను కోసిన మార్కులు గుర్తొచ్చి నాకే సిగ్గేసింది. మీ 8 ఏండ్లకు విలువ దొరికేది ఇట్లాంటి చోటే. ప్రవేశంలో సున్న అయిన ఆ సర్వీసు కోర్సులో అడుగడుగునా అక్కరకొస్తుంది. శిశు వికాసం పాఠంలో పుస్తకం చెప్పే ప్రతి మాటకు మీకు ఒక పిల్లవాడి మొహం గుర్తొస్తుంది. టెట్ మొదటి పేపర్‌లో 150లో 30 మార్కులు ఆ సబ్జెక్టువే.

టెట్ గురించి రెండు ముక్కలు. ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఎస్టీలకు 60 వస్తే పాసే, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. కానీ 60తో ఆగకండి. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ, అంటే 60 వస్తే మీ ఖాతాలో 8 మార్కులు, 120 వస్తే 16. డీఎస్సీలో అర మార్కుకు పోస్టులు పోతాయి, ఎనిమిది మార్కులంటే మామూలు తేడా కాదు. ఇంకా పెంచుకోవాలంటే మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలిన పాత టీచర్లు కూడా టెట్ పాస్ కావాలి. మీ హెడ్మాస్టర్లే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న కాలమిది.

వయసు సంగతి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు సడలింపు. వచ్చే ఎండకాలం సెట్ రాసి సీటు తెచ్చుకుంటే 39 నాటికి మీ చేతిలో డిప్లొమా ఉంటుంది. అప్పుడు కావాలంటే కొలువు చేసుకుంటూనే దూరవిద్యలో బీఎడ్ చేసుకోవచ్చు, ఇందాక మూసి ఉందన్న తలుపును తెరిచే తాళంచెవి ఆ డిప్లొమానే. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంటుగా ప్రమోషన్‌కు బీఎడ్ అడుగుతారు కాబట్టి అది వృథా పోదు.

నా మాటకు ఒక్క మినహాయింపు ఉంది. రెండేళ్లు జీతం లేకుండా ఇల్లు గడవదనుకుంటే ఈ ఏడాది ఆగండి, డబ్బు కూడబెట్టుకుని మరుసటి ఏడాది చేరండి. అంతేగాని కష్టంగా ఉందని మళ్లీ ఆ అడ్డదారి మాత్రం చూడొద్దు.

ఈ లోపల చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఒకటో తరగతి నుంచి బోనఫైడ్లన్నీ జమ చేసుకోండి. మన దిక్కు తండాల్లో అమ్మానాన్నలు బొంబాయికో పూణేకో వలసపోతే పిల్లల చదువులో ఒకటి రెండేళ్లు ఖాళీ ఉంటుంది. మీరు ఏ జిల్లా లోకల్ అభ్యర్థో తేల్చేటప్పుడు అక్కడే పేచీ వస్తుంది, మీకు అట్లాంటిది ఉందేమో ఇప్పుడే చూసుకోండి. పేరు ఇంకొకటి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి, ఆధార్‌ను దానికి సరిపోయేట్టు మార్పించుకోండి. కుల ధ్రువపత్రంలోనూ అదే పేరు ఉండాలి. మీరు పనిచేసిన బడి హెడ్మాస్టర్ సంతకంతో, మండల విద్యాధికారి (ఎంఈఓ) కౌంటర్ సంతకంతో 2012 నుంచి 2020 దాకా సర్వీసు ధ్రువపత్రం కూడా తీసి పెట్టుకోండి. ఇప్పుడు మార్కులు రావని చెప్పాను గానీ, అప్పటి హెడ్మాస్టర్లు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. ఇంకో నాలుగేళ్లు పోతే మీరు ఆ బడిలో పనిచేశారని సంతకం పెట్టేవాళ్లు దొరకరు.

మెమోలు చేతికొచ్చాయో లేదో ఒక కార్డు ముక్క రాయండి.